గోడకు పట్టేవి పన్నెండే

తెలుగిళ్లలో కొందరు దసరాకు, కొందరు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. అటక మీది పెట్టె దించుతారు. ఏడాదంతా పాత చీర ముక్కల్లో చుట్టి ఉన్న బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పుతారు. మూడో అయిదో ఏడో మెట్లు అమర్చి తెల్లబట్ట పరుస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. కొండపల్లి దశావతారాలు పై మెట్టెక్కుతాయి. ఎద్దులబండీ, తాటిచెట్టెక్కే గీత కార్మికుడూ కింది మెట్టుకు దిగుతారు. కొత్తగా కొన్న పెద్ద బొమ్మను ముందు నిలబెడితే వెనక వరస మొత్తం కనిపించకుండా పోతుంది. చెయ్యి విరిగిన పాత బొమ్మను పక్కకు తిప్పి పెట్టాలా, ఈ ఏటికి పెట్టెలోనే ఉంచాలా అని చర్చ జరుగుతుంది. సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగారో, దేన్ని చూడకుండా దాటిపోయారో ఇంట్లో పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పండగ వెళ్లాక బొమ్మల్ని మళ్లీ చుట్టి, విరగకుండా పెట్టెలో సర్దడంతో పని ముగుస్తుంది. ఎంచడం, వదలడం, వరస కూర్చడం, చూసేవారికి దారి చూపడం, వస్తువును భద్రంగా తిరిగి చేర్చడం: చిత్రకళా ప్రదర్శనకు క్యూరేటర్ చేసే పని ఈ అయిదే. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం కూడా కనిపెట్టుకుని చూసుకోవడమే.

ఈ అధ్యాయం చెప్పదలచింది ఒక్కటే. మంచి నిర్ణయం తీసుకునే శక్తి పాఠం వింటే రాదు. ఎంచుకోవాలి, ఎంచుకున్నదాన్ని నలుగురి ముందు నిలబెట్టాలి, ఏమైందో కళ్లారా చూడాలి, తప్పయితే సరిదిద్దుకోవాలి. ఆ నాలుగూ ఒకే పనిలో, కొద్ది వారాల్లో, ప్రాణానికీ ఉద్యోగానికీ ముప్పు లేకుండా దొరికే చోటు విద్యార్థులు తామే నిలబెట్టే చిత్ర ప్రదర్శన. మన చదువుల తీరు గుర్తు చేసుకోండి. ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు ఎవరో ముందే రాసిపెట్టి ఉంచుతారు. అందులో మూడు తప్పు, ఒకటి ఒప్పు. ఆ పరీక్షకు ఏళ్ల తరబడి తర్ఫీదు పొందిన బుర్ర తప్పును ఏరిపారేయడంలో ఆరితేరుతుంది. బతుకులో మాత్రం ప్రశ్న వేరుగా వస్తుంది. అన్నీ బాగున్న నలభైలోంచి పన్నెండు తియ్యమంటుంది. మిగతా ఇరవై ఎనిమిదీ తప్పు కావు, అయినా వదులుకోవాలి. ఈ రెండో రకం ఎంపికకు మన కాలేజీల్లో సాధన దాదాపు లేదు.

చేసి నేర్చుకున్నవాళ్లు ఏమయ్యారు

ఈ సంగతిని వందేళ్ల కిందటే గుర్తించి తరగతి గదిలోకి తెచ్చినవాడు పాల్ సాక్స్. న్యూయార్క్‌లో గోల్డ్‌మన్ సాక్స్ బ్యాంకింగ్ కుటుంబానికి చెందిన ఆయన 1915లో ఆ వ్యాపారం విడిచిపెట్టి హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఫాగ్ మ్యూజియంలో చేరాడు. 1920ల మొదట్లో అక్కడ మ్యూజియం నిర్వహణ మీద ఒక కోర్సు మొదలుపెట్టాడు. క్లాసులు చాలావరకు షేడీ హిల్ అనే ఆయన ఇంట్లోనే జరిగేవి. విద్యార్థులు కళావస్తువుల్ని చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, ఏ కాలానిదో ఎందుకు మంచిదో చెప్పాలి. కొనుగోళ్లు, దాతలతో మాటలు, భద్రత, కేటలాగ్, గోడ మీద అమరిక అన్నీ పాఠాలే. ఆ తరగతిలో కూర్చున్న ఆల్ఫ్రెడ్ బార్ 27 ఏళ్ల వయసులో, సాక్స్ సిఫారసు మీద, న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు మొదటి డైరెక్టర్ అయ్యాడు. 1929 నవంబరులో, స్టాక్ మార్కెట్ కుప్పకూలిన కొద్ది రోజులకే, ఆ మ్యూజియం తలుపులు తెరిచింది. సెజాన్, గోగాన్, సూరా, వాన్ గోలతో దాని మొదటి ప్రదర్శన జరిగింది. అమెరికా మ్యూజియంలను తరవాతి కాలంలో నడిపినవారిలో చాలామంది ఆ కోర్సు చదివినవాళ్లే.

అంతకన్నా గట్టి సాక్ష్యం అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థులు సొంతంగా చేసిన పని. 1928 చివర్లో లింకన్ కిర్‌స్టైన్, ఎడ్వర్డ్ వార్‌బర్గ్, జాన్ వాకర్ అనే ముగ్గురు డిగ్రీ విద్యార్థులు కలిసి హార్వర్డ్ సొసైటీ ఫర్ కాంటెంపరరీ ఆర్ట్ స్థాపించారు. కాలేజీ దగ్గరి కోఆపరేటివ్ స్టోర్ మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని 1929 ఫిబ్రవరిలో మొదటి ప్రదర్శన పెట్టారు. ఆ రెండు గదుల్లోనే డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ రూపొందించిన డైమాక్సియన్ అనే ఇంటి నమూనా నిలబడింది, శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ తీగ శిల్పాలు వేలాడాయి. జర్మనీ బౌహౌస్ కళాశాల పనిని అమెరికాలో మొట్టమొదట చూపిన ప్రదర్శన 1930 డిసెంబరులో అక్కడే జరిగింది. పెద్ద మ్యూజియంలు ఇంకా ముట్టుకోని కళను ఇరవైల మొదట్లో ఉన్న కుర్రాళ్లు ఎంచారు. తరవాత వాకర్ వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి డైరెక్టర్ అయ్యాడు. కిర్‌స్టైన్ దారి నాట్యం వైపు మళ్లింది. నాట్య దర్శకుడు జార్జ్ బాలంషీన్‌తో కలిసి 1948లో న్యూయార్క్ సిటీ బ్యాలేను నిలబెట్టాడు. చిత్రాలు ఎంచడం నేర్చినవాడు నాట్య సంస్థను నడపగలిగాడంటే, అతను నేర్చింది చిత్రాల గురించి మాత్రమే అయి ఉండదు. ఎవరిలో సత్తా ఉంది, దేన్ని ముందుకు తేవాలి, దేనికి సమయం కాలేదు అని తూచడం నేర్చాడు. ఆ తూకం ఏ రంగంలోకైనా వెంట వస్తుంది.

గోడ చెప్పే లెక్క

ఇంతకీ ఈ పని మనిషికి ఏం నేర్పుతుంది? మొదటి పాఠం గోడ చెబుతుంది. మీకు దొరికిన గదిలో చిత్రాలు తగిలించగల గోడ మొత్తం 48 అడుగులు అనుకోండి. చిత్రాలు సుమారుగా రెండేసి అడుగుల వెడల్పు. ఒకదాని ఊపిరి ఒకదానికి తగలకుండా మధ్య రెండడుగుల ఖాళీ వదిలితే ఒక్కో చిత్రానికి నాలుగు అడుగులు కావాలి. లెక్క తేలిపోయింది: పన్నెండు. మీ దగ్గర నలభై ఉండవచ్చు, నలభై మంది స్నేహితుల పని కావచ్చు, ప్రతి ఒక్కరూ ఆశగా చూస్తుండవచ్చు. గోడ సాగదు. అక్కడ అసలు ప్రశ్న తల ఎత్తుతుంది: ఈ ప్రదర్శన దేని గురించి? "మా కాలేజీ చిత్రాలు" అన్నది విషయం కాదు, అది పోగు. "వలస వెళ్లినవాళ్ల ఇళ్లు" అన్నామనుకోండి, వెంటనే కొన్ని చిత్రాలు దగ్గరికొస్తాయి, ఎంతో అందమైన కొన్ని వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మంచి చిత్రం వేరు, ఈ ప్రదర్శనకు కావలసిన చిత్రం వేరు. ఈ తేడా ఒక్కసారి చేతికి తెలిస్తే, రెజ్యూమేలో ఏది రాయాలో, ప్రాజెక్టులో ఏ భాగం తీసేయాలో, రోజులో ఏ పనికి చోటివ్వకూడదో తేల్చుకోవడం తేలికవుతుంది.

రెండో పాఠం కొలత. ప్రదర్శనల్లో చిత్రం మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో, అంటే సగటు మనిషి కంటి దగ్గర, ఉండేట్టు తగిలించడం వాడుక. మీరు 58 అని నిర్ణయించుకున్నారు. చిత్రం ఎత్తు 24 అంగుళాలు. ఫ్రేము వెనక తీగను వేలితో పైకి లాగి పట్టుకుంటే, ఆ తీగ మొన ఫ్రేము పై అంచుకు 4 అంగుళాలు కిందుంది. మేకు ఎక్కడ కొట్టాలి? 58కి చిత్రంలో సగమైన 12 కలిపి, 4 తీసేస్తే 66 అంగుళాల దగ్గర. తొందరపడి 58 దగ్గరే కొడితే చిత్రం ఎనిమిది అంగుళాలు కిందికి జారుతుంది, పక్కవాటితో వరస తప్పుతుంది, చూసేవాడు మెడ వంచాలి. గోడకు అక్కర్లేని కన్నం మిగులుతుంది. రసమట్టం పెట్టి చూస్తే గాలిబుడగ మధ్యలో ఉందో లేదో ఎవరికైనా కనిపిస్తుంది. అక్కడ వాదనకు చోటు లేదు. కాగితంపై పరీక్ష రాసినవాడికి తప్పు నెల తరవాత మార్కుల రూపంలో తెలుస్తుంది. మేకు కొట్టినవాడికి చిత్రం తగిలించిన క్షణంలోనే తెలుస్తుంది. తప్పుకూ ఫలితానికీ మధ్య దూరం ఎంత తగ్గితే నేర్చుకోవడం అంత వేగంగా జరుగుతుంది. చేతిపనికి ఉన్న బలం ఇదే.

మూడో పాఠం ఎదుటివారి కళ్లతో చూడటం. ఒక చిత్రం పక్కన పెట్టే లేబుల్‌కు యాభై, అరవై మాటలు మించి చోటుండదు. చిత్రకారుడి పేరు, ఏడాది, వాడిన సామగ్రి, తరవాత మూడు నాలుగు వాక్యాలు. "ఈ చిత్రం మానవ అస్తిత్వపు సంక్లిష్టతను ఆవిష్కరిస్తుంది" అని రాస్తే చదివినవాడికి చేతికందేది ఏమీ లేదు. "తలుపుకు తాళం ఉంది, ముంగిట ముగ్గు మాత్రం కొత్తది. వేసిందెవరు?" అని రాస్తే చదివినవాడి చూపు మళ్లీ చిత్రం మీదకు వెళ్తుంది. లేబుల్ పని అంతే: చూపును తిరిగి చిత్రానికి అప్పగించడం. మొదటి రోజు గది మూలన నిలబడి గమనించండి. ఎక్కడ జనం ఆగుతున్నారు, ఏ లేబుల్ సగంలో వదిలేస్తున్నారు, గుమ్మం నుంచి ఏ వైపు తిరుగుతున్నారు. మీరు ఊహించిన దారి వేరు, వాళ్లు నడిచే దారి వేరు అని తెలిసినప్పుడు కలిగే చిన్న దెబ్బ చాలా విలువైంది. తెలివైన విద్యార్థుల్లో చాలామందికి లోపించేది జ్ఞానం కాదు, తమ మాట ఎదుటివాడి చెవిలో ఎలా పడుతోందన్న ఎరుక.

ఎదురయ్యే అభ్యంతరాలు

కళాచరిత్ర తెలియనివాడి చేత ప్రదర్శన పెట్టిస్తే మేకులు కొట్టే కూలీ అవుతాడు గాని క్యూరేటర్ కాడు, పునాది లేకుండా గోడ లేస్తుందా అని కొందరంటారు. ఈ మాటలో నిజం ఉంది. అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ చేస్తూ నేర్చుకోవడాన్ని జీవితమంతా సమర్థించినవాడు. ఆయనే 1938లో రాసిన ఎక్స్‌పీరియన్స్ అండ్ ఎడ్యుకేషన్ పుస్తకంలో ప్రతి అనుభవమూ విద్య కాదని, కొన్ని అనుభవాలు ఎదుగుదలకు అడ్డుపడతాయని హెచ్చరించాడు. అందుకే సాక్స్ చరిత్రను పక్కన పెట్టలేదు. వస్తువును చేతిలో పెట్టి చరిత్రను అడిగాడు. తేడా వరసలో ఉంది. ముందు మూడేళ్లు చదివి, తరవాత ఎప్పుడో చెయ్యమనడం ఒక పద్ధతి. పని పెట్టి, ఆ పనికి కావలసిన చదువును అప్పుడే వెతికించడం ఇంకో పద్ధతి. నీటిరంగుల చిత్రాన్ని కిటికీ ఎదురుగా పెట్టాలనుకున్న విద్యార్థికి, కాగితం మీది రంగులు వెలుతురుకు వెలిసిపోతాయని, మ్యూజియంలు వాటిపై సాధారణంగా 50 లక్స్ మించి వెలుగు పడనివ్వవని, తైలవర్ణ చిత్రాలకైతే 200 దాకా ఒప్పుకుంటాయని ఆ రోజు చెప్పి చూడండి. ఆ అంకెలు అతను మరిచిపోడు, ఎందుకంటే అవి అతని కిటికీ గురించినవి.

విలువైన చిత్రాలను పిల్లల చేతిలో పెడితే పాడుచేస్తారన్నది రెండో అభ్యంతరం. పాడయ్యే ప్రమాదం ఉన్నదే. కాబట్టి నేర్చుకునే చోట తోటి విద్యార్థుల పనితో మొదలుపెట్టాలి, అదీ వారి రాతపూర్వక అనుమతితో. ప్రతి చిత్రం చేతికొచ్చిన రోజే ముందూ వెనకా ఫొటో తీసి, ఫ్రేము మూల చెదిరిందా, కాగితం మడత పడిందా, మరక ఉందా అని ఒక పేజీ రాసి, ఇచ్చినవారి సంతకం తీసుకోవాలి. తిరిగిచ్చేటప్పుడు అదే పేజీ తీసి సరిచూసుకోవాలి. పెద్ద మ్యూజియంలు కోట్ల విలువ చేసే చిత్రాలను అరువిచ్చేటప్పుడు చేసేదీ ఇదే. ఇతరుల వస్తువును మన బాధ్యతగా మోయడం ఎలాగో ఈ ఒక్క పేజీ నేర్పినంతగా నీతిపాఠాలు నేర్పలేవు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైంది. హార్వర్డ్ కుర్రాళ్లు సంపన్నుల బిడ్డలు. కిర్‌స్టైన్ తండ్రి పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో భాగస్వామి, వార్‌బర్గ్‌లది బ్యాంకర్ల వంశం. వాళ్లకు గదులు దొరికాయి, చిత్రాలు అరువిచ్చే పరిచయాలు దొరికాయి. జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీకి ఇవన్నీ ఎక్కణ్నుంచి వస్తాయి? డబ్బు, పరిచయం అక్కర్లేదని బుకాయించడం అబద్ధమే అవుతుంది. కానీ ఈ పని అసలు బలం వాటిలో లేదనడానికి 1988 వేసవి సాక్ష్యం. లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీ విద్యార్థి డేమియన్ హర్స్ట్ సర్రే డాక్స్‌లో ఖాళీగా పడున్న రేవు కార్యాలయ భవనాన్ని సంపాదించాడు. తోటి విద్యార్థులతో కలిసి దాన్ని శుభ్రం చేసి, ఫ్రీజ్ పేరుతో పదహారు మంది పనిని ప్రదర్శించాడు. ఆ ప్రదర్శనకూ దాతల సాయం అందింది. అయితే ఆ సాయం పుట్టుకతో వచ్చింది కాదు, అడిగి తెచ్చుకున్నది. వచ్చి చూడాల్సిన పెద్దల కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా రాయల్ అకాడమీకి చెందిన నార్మన్ రోసెంతాల్‌ను హర్స్ట్ స్వయంగా వెంటబెట్టుకొచ్చి చూపించాడు. సారా లూకస్, మైకేల్ లాండీ, గ్యారీ హ్యూమ్ లాంటి కళాకారుల పేర్లు ఆ పాత భవనం నుంచే బయటికి నడిచాయి. మన దేశంలో కొచ్చి ముజిరిస్ బినాలే అనే కళా ప్రదర్శనకు అనుబంధంగా 2014లో మొదలైన స్టూడెంట్స్ బినాలే ప్రభుత్వ కళా కళాశాలల విద్యార్థులకు ఇలాంటి తలుపే తెరిచింది. యువ క్యూరేటర్లు కాలేజీలకు వెళ్లి, విద్యార్థులతో కూర్చుని, వారి పనిని దేశం ముందుకు తెస్తున్నారు. ఖాళీగా ఉన్న సెమినార్ గది, రెండు దీపాలు, పురికొస, సుత్తి, రసమట్టం ఏ కాలేజీకి అయినా అందుబాటులో ఉన్నవే.

బృందంగా చేయిస్తే ఇద్దరు చేస్తారు, పది మంది ఫొటో దిగుతారన్నది చివరి మాట. పని "అందరిదీ" అన్నప్పుడు జరిగేది అదే. అందుకే అయిదు పనులకు అయిదుగురి పేర్లు గోడ మీద రాయాలి: ఎంపిక ఒకరిది, వస్తువుల లెక్కా భద్రతా ఒకరిది, అమరిక ఒకరిది, రాత ఒకరిది, జనాన్ని రప్పించి ఆదరించడం ఒకరిది. మిగతావాళ్లు ఎవరి కింద పనిచేస్తారో కూడా రాయాలి. లేబుల్‌లో పేరు తప్పుపడితే ఎవరిని అడగాలో అందరికీ తెలియాలి. బాధ్యతకు పేరుంటే బద్ధకం దాక్కోవడానికి చోటు దొరకదు.

మీరు మొదలుపెట్టే తీరు

ఆరు వారాలు చాలు. మొదటి వారం గది చూసుకుని గోడ కొలవండి. ప్రిన్సిపల్ గారి అనుమతి అడగడానికి పట్టుకెళ్లేందుకు ప్రదర్శన గురించి ఒక పేజీ ముందే రాసుకోండి. రెండో వారం నలభై పనులు చూడండి, విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలిగేదాకా వాదించుకోండి. మూడో వారం ఎంపిక పూర్తి చేయండి. తీసుకోనివారికి మీరే వెళ్లి కారణం చెప్పండి. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన మాట అదే, అందుకే దాన్ని మరొకరికి అప్పగించొద్దు. నాలుగో వారం అట్టముక్కలతో గది చిన్న నమూనా చేసి, చిత్రాల కొలతకు తగ్గ కాగితపు ముక్కలు దాని గోడలకు అతికించి, వరస పదిసార్లు మార్చి చూడండి. కాగితం మీద చేసిన తప్పుకు ఖరీదు లేదు. అయిదో వారం లేబుళ్లు రాసి, చిత్రకళతో సంబంధం లేని ఇద్దరి చేత గట్టిగా చదివించండి. వాళ్లు ఆగిన చోటల్లా మళ్లీ రాయండి. ఆరో వారం తగిలించండి, తలుపు తెరవండి, మూలన నిలబడి చూడండి. ప్రదర్శన దించిన మర్నాడే అందరూ కూర్చుని ఒక గంట మాట్లాడుకోండి: ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు, మళ్లీ చేస్తే ఏం మారుస్తాం. డ్యూయీ హెచ్చరిక గుర్తుందిగా, ఆ గంట లేకపోతే ఆరు వారాల అలసటే మిగులుతుంది.

కళ మీ వృత్తి కాకపోవచ్చు. మీరు కోడ్ రాసేవారు కావచ్చు, బ్యాంకులో చేరేవారు కావచ్చు, పొలం చూసుకునేవారు కావచ్చు. ఎక్కడున్నా మీ ముందు నలభై ఉంటాయి, గోడకు పట్టేవి పన్నెండే ఉంటాయి. వదిలిన ఇరవై ఎనిమిదికి జవాబు చెప్పగలిగినవాడి ఎంపికనే లోకం నమ్ముతుంది. ఆ జవాబు చెప్పడం ఒకసారి, చిన్నగా, మీ కాలేజీలో నేర్చుకోండి. ఈ పుస్తకం మూసే ముందు టేపు తీసుకుని ఒక గోడ కొలవండి. ఆరు వారాల తరవాతి తేదీ ఒకటి దాని మీద రాయండి.